ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తొట్టెడు సముద్రం

ఢిల్లీ అనగానే మనలో చాలామందికి ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఇండియా గేట్ స్ఫురిస్తాయి. ఎల్.టి.సి. మీద వెళ్ళినవారు ఆగ్రా, మథుర కూడా కలుపుకొని చూసి, కరోల్ బాగ్‌లో నాలుగు దుప్పట్లు కొనుక్కొని తిరిగి వస్తారు. 2025 మే మాసంలో శిక్షణ నిమిత్తం పది రోజులపాటు ఢిల్లీలో ఉండవలసి వచ్చిన నాకు మాత్రం వీటిలో ఒక్కటి కూడా చూసే అవకాశం కలుగలేదు. అందుకు విచారం కూడా లేదు. ఓల్డ్ రాజిందర్ నగర్ అనే పేటలో, ఒక ఇంటి మొదటి అంతస్తులో, రెండు వందల లీటర్ల సముద్రానికి నేను కాపలాదారుగా ఉన్నాను. ఆ కాపలాలో నేర్చుకొన్న విషయాలు ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్ళే ప్రతి కుటుంబానికీ ఏదో ఒక విధంగా ఉపకరిస్తాయనే నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పేట పుట్టుక

విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, న్యూఢిల్లీలో దిగి, అక్కడి నుండి మెట్రో రైలులో రాజీవ్ చౌక్ వద్ద మారి కరోల్ బాగ్ చేరుకొన్నాను. 2005 డిసెంబరు 31న ఈ మార్గం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతానికి రాకపోకలు ఎంతో సులభమైనాయి. స్టేషను నుండి రిక్షాలో కొద్ది నిమిషాల ప్రయాణం. ఒక ప్రక్క పూసా రోడ్డు, మరొక ప్రక్క శంకర్ రోడ్డు, నడుమ ఇరుకైన వీధులు, వాటికి ఇరువైపులా నాలుగేసి అంతస్తుల ఇండ్లు. తలపైన విద్యుత్తు తీగలు, కేబుల్ తీగలు చిక్కుపడిన నూలువలె వ్రేలాడుతూ ఉంటాయి. ప్రతి గోడకూ రెండు మూడు ఎ.సి. యంత్రాలు. ఇంటిలోని వేడిని అవి వీధిలోకి వెళ్ళగ్రక్కుతూ ఉంటే, మే మాసపు మధ్యాహ్నం ఆ వీధులలో నడవటం కొలిమి ముందు నిలబడినట్లుగా ఉంటుంది. మన కర్మాగారంలో పనిచేసే సోదరులకు ఈ పోలికను వివరించనక్కరలేదు.

ఈ పేటకు మన తొలి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ పేరు పెట్టారు. దేశ విభజన తరువాత పశ్చిమ పాకిస్తాన్ నుండి కట్టుబట్టలతో తరలి వచ్చినవారికి ఇండ్లు కల్పించటానికి ఏర్పడిన కాలనీలలో ఇది ఒకటి. ఆనాడు ఢిల్లీ నగరానికి చేరిన శరణార్థుల సంఖ్య దాదాపు 5 లక్షలు. పటేల్ నగర్, లజపత్ నగర్ మొదలైనవి కూడా ఆ విధంగా వెలసినవే. ఇక్కడికి సమీపంలోని సర్ గంగారామ్ ఆసుపత్రి కథ కూడా అటువంటిదే. 1921లో లాహోరులో స్థాపించబడిన ఆ సంస్థ, విభజన తరువాత ఢిల్లీలో మళ్ళీ వేళ్ళూనుకొన్నది. జవహర్‌లాల్ నెహ్రూ 1951లో శంకుస్థాపన చేసి, 1954లో ప్రారంభోత్సవం చేశారు. ఒకచోట పోగొట్టుకొన్నదానిని మరొకచోట కట్టుకోవటం ఈ ప్రాంతపు స్వభావమని నాకు తోచింది.

నేటి ఓల్డ్ రాజిందర్ నగర్ సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థులకు నెలవు. పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ కొట్లు, గంటల లెక్కన కుర్చీ అద్దెకిచ్చే పఠనాలయాలు, ఒక మంచం పట్టే గదులు. ఆ గుంపులో తెలుగు మాట చెవిన పడని సాయంత్రం ఉండదు. 2024 జులై 27న ఇక్కడి ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వాననీరు ఒక్కసారిగా ప్రవేశించగా ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వీధి వెంట నడిచినప్పుడు మా అక్కయ్య మాట్లాడటం ఆపి చేతులు జోడించింది.

తొట్టెలోని సముద్రం

మా బావగారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. విశాఖలో పుట్టి పెరిగిన ఆయనకు ఢిల్లీలో అన్నీ దొరికాయి. ఆవకాయ దొరికింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్ర విద్యా సంఘం వారి పాఠశాల ప్రసాద్ నగర్‌లో ఉండటం వలన అమ్మాయి చదువుకూ లోటు లేకపోయింది. లేనిది ఒక్క సముద్రమే. ఆ లోటు తీర్చుకోవటానికి ఆయన ముందుగదిలో మూడడుగుల పైచిలుకు పొడవు గల గాజుతొట్టెను అమర్చుకొన్నారు.

ఇది మనం సాధారణంగా చూసే బంగారు చేపల తొట్టె కాదు. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన సముద్రపు ఉప్పును కలిపి, రంధ్రాలు గల రాళ్ళను పేర్చి, వాటిపై మెత్తని పగడాలను పెంచుతారు. కొన్ని పుట్టగొడుగులవలె, కొన్ని తోలు గొడుగులవలె, మరికొన్ని చిన్న చిన్న బొత్తాలవలె ఉంటాయి. దీపం వెలిగించగానే అవి విచ్చుకొనే దృశ్యం చూడవలసినదే కాని చెప్పనలవి కాదు. వాటి నడుమ నారింజ రంగుపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపలు రెండు. ఈ జాతి చేపలను తొట్టెలలోనే పొదిగించి పెంచే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా రూపొందించారు. కనుక సముద్రం నుండి పట్టి తెచ్చిన వాటిని కొనవలసిన అవసరం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సున్నపు అస్థిపంజరం గల గట్టి పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. సరదాకైనా వాటిని మన సముద్రాల నుండి తీసి ఇంటిలో పెట్టుకోవటం నేరం. బావగారి తొట్టెలో ఉన్నవి మెత్తని పగడాలు మాత్రమే. అవి కూడా తోటి అభిరుచి గలవారు తమ తొట్టెలలో పెంచి, కత్తిరించి ఇచ్చిన ముక్కలు.

పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. దాని శరీరంలో కంటికి కనిపించని సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పంచి ఇస్తాయి. నీరు 25 నుండి 27 డిగ్రీల మధ్య ఉన్నంతకాలం ఈ కాపురం సుఖంగా సాగుతుంది. 30 డిగ్రీలు దాటి నిలిచిపోతే పగడం ఆ శైవలాలను బయటకు నెట్టివేస్తుంది. రంగు కోల్పోయి తెల్లబడుతుంది. కొద్ది రోజులలో వేడి తగ్గకపోతే ఆకలితో మరణిస్తుంది. అంతేకాక, నీరు వేడెక్కిన కొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. అదే సమయంలో చేపలకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. వేసవిలో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే కారణం ఇదే.

తొట్టెలో జరిగేదే సముద్రంలోనూ జరుగుతున్నది. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప పగడపు దిబ్బలు ఈ విధంగానే తెల్లబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి ఇటువంటి విపత్తు సంభవించినదని 2024 ఏప్రిల్ 15న అమెరికా సముద్ర వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆ వేసవిలోనే లక్షద్వీపంలో మళ్ళీ పగడాలు తెల్లబడ్డాయి. సముద్రానికి తాళం వేసి ఊరికి వెళ్ళలేము. తొట్టెకు మాత్రం వేస్తున్నాము.

ఆ ఐదు రోజులు

నేను కాపలా కాసినది బావగారి రెండవ తొట్టె. మొదటిది 2024 మే చివరి వారంలో పోయింది.

ఆ వారం ఢిల్లీవాసులెవరూ మరచిపోరు. మే 29న సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైనది. అక్కడ 79 సంవత్సరాలలో అంతటి వేడి నమోదు కాలేదు. మొక్కు తీర్చుకోవటానికి కుటుంబమంతా ఐదు రోజులు తిరుమల వెళ్ళారు. గది ఎ.సి. నడుస్తూనే ఉన్నది. కిటికీలు మూసి తెరలు వేశారు. చేపలకు ఆహారం వేసే చిన్న యంత్రాన్ని అమర్చారు. అన్ని జాగ్రత్తలూ తీసుకొన్నామనే అనుకొన్నారు. వారు బయలుదేరిన రెండవ రోజున కొద్దిసేపు కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. పంపులు తిరిగాయి, దీపాలు వెలిగాయి. ఎ.సి. మాత్రం తిరగలేదు. ఆ ఎ.సి.కి కరెంటు వచ్చిన తరువాత తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు లేదు. ఎవరో ఒకరు మీట నొక్కాలి. నొక్కేవారు లేరు.

తిరిగి వచ్చి తలుపు తీసేసరికి దుర్వాసన. పగడాలు కరిగి నీరు పాలవలె ఉన్నది. ఏడేళ్ళ శ్రమ. "ఎండను నిందించి ప్రయోజనం లేదు బావా. తాళం చెవి నా జేబులోనే తిరుమల కొండ ఎక్కింది. అదీ నేను చేసిన తప్పు" అన్నారు బావగారు. చేపలకు పేర్లు పెట్టుకొన్న మా మేనకోడలు మూడు నెలలు ఆ గోడవైపు చూడలేదట. తరువాత తానే, "నాన్నా, మళ్ళీ పెడదాం. ఈసారి ఎవరికైనా చెప్పి వెళదాం" అన్నదట.

ఆ ఒక్క మాట మీదనే రెండవ తొట్టె లేచింది.

ఒక కాగితం

నేను వెళ్ళిన మరునాడే బావగారి మేనకోడలి వివాహానికి వారు విశాఖ బయలుదేరారు. నేను ఇటు వచ్చాను, వారు అటు వెళ్ళారు. ప్రయాణానికి ముందు బావగారు ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పారు. దానిలోని ముఖ్యాంశాలను మన పాఠకుల కొరకు పొందుపరుస్తున్నాను.

మొదటిది, తొట్టెకు వేడి ఎండ నుండి మాత్రమే రాదు. దీపాల నుండి వస్తుంది. నీటిలో మునిగి తిరిగే పంపు ఎన్ని వాట్ల కరెంటు త్రాగుతుందో, దాదాపు అంత వేడినీ నీటికే ఇస్తుంది. కనుక ఊరికి వెళ్ళేటప్పుడు దీపాలు వెలిగే కాలాన్ని తొమ్మిది గంటల నుండి ఐదారు గంటలకు తగ్గించి, ఆ గంటలను కూడా రాత్రికి మార్చారు. పగడాలకు పగలు ఏదో, రాత్రి ఏదో దీపమే చెబుతుంది. ఢిల్లీ చలికాలంలో నీటిని వెచ్చగా ఉంచే హీటరును మే మాసంలో ప్లగ్గు నుండి పూర్తిగా తీసివేయాలి. దాని మీట ఇరుక్కుపోయి నీరు మరిగిన సందర్భాలు ఈ అభిరుచి గలవారికి అనుభవమే.

రెండవది, నీటి ఉపరితలంపై గాలి వీచే చిన్న ఫ్యాను. ఇది మన కూజా సూత్రమే, కూలరు సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. రెండు వందల లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ చల్లార్చటానికి దాదాపు 820 కిలోజౌళ్ళు తీసివేస్తే చాలు. అనగా మూడోవంతు లీటరు ఆవిరి అయితే ఒక డిగ్రీ తగ్గుతుంది. మే మాసంలో ఢిల్లీ గాలి పొడిగా ఉంటుంది కనుక ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. జులైలో వానలు పడి గాలిలో తేమ పెరిగితే కూలరు ఎట్లు చతికిలబడుతుందో ఈ ఫ్యాను కూడా అట్లే చతికిలబడుతుంది. సముద్రతీరంలో ఉండే మనకు ఏడాది పొడుగునా దాని ఉపయోగం పరిమితమే.

మూడవది, ఆవిరి అయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. కనుక తగ్గినంత మేర ఉప్పు కలపని శుద్ధజలాన్నే పోయాలి. బావగారి తొట్టెలో రోజుకు మూడు లీటర్లు తగ్గేది. దానిని పూరించటానికి ఒక చిన్న పంపు, దాని ప్రక్కన ఇరవై లీటర్ల డబ్బా ఉన్నాయి. "పెద్ద డ్రమ్ము పెడితే ఇంకా నిశ్చింత కదా" అన్నాను. ఆయన నవ్వి, "పంపు ఆగకుండా తిరిగితే? ఇరవై లీటర్లు మొత్తం పడినా ఉప్పు పదోవంతే పలచబడుతుంది. చేపలు తట్టుకొంటాయి. వంద లీటర్ల డ్రమ్ము పెడితే తొట్టె మంచినీళ్ళ చెరువవుతుంది, క్రింది వాటా వారి పైకప్పు కారుతుంది" అన్నారు. యంత్రం పనిచేసినప్పుడు ఏమి జరుగుతుందని కాక, చెడినప్పుడు ఏమి జరుగుతుందని ఆలోచించాలనే పాఠం నాకు అక్కడ లభించింది. మన భద్రతా విభాగం వారు ఏటా చెప్పేది కూడా అదే కదా.

నాలుగవది, ఆహారం. ఆరోగ్యంగా ఉన్న చేపలు కొద్ది రోజులు తినకపోయినా ప్రమాదం లేదు. జాలిపడి ఎక్కువ వేస్తేనే ప్రమాదం. మిగిలినది కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. అందుచేత రోజుకొకటి చొప్పున కాగితపు పొట్లాలు కట్టి, వాటిపై తేదీలు వేసి, మిగిలిన డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం చెవి నాకు కూడా ఇవ్వలేదు!

ఐదవది, కరెంటు పోగానే తనంతట తాను మ్రోగే చిన్న గాలిపంపు. రెండు పెద్ద టార్చి బ్యాటరీలతో పనిచేస్తుంది. ఎ.సి. లేకపోయినా తొట్టె కొంతకాలం ఓర్చుకొంటుంది కాని, నీటిలో కదలిక లేకపోతే చేపలకు ఊపిరి ఆడదు. దీనితోపాటు, తొట్టెలోని ఉష్ణోగ్రతను సెల్‌ఫోనుకు పంపే ఒక పరికరం కూడా అమర్చారు. విశాఖలో పెళ్ళి పందిట్లో కూర్చొని బావగారు దానిని చూసుకొంటూ ఉంటారన్న మాట.

ఆరవది అన్నింటికన్నా ముఖ్యమైనది. విద్యుత్తు బోర్డు ప్రక్కన అంటించిన ఒక కాగితం. ఆశ్చర్యమేమంటే అది హిందీలో, పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్నది. "నాకు తెలుగులో వ్రాస్తే చాలదా?" అని అడిగాను. "అది నీ కొరకు కాదు బావా, బీజీ కొరకు" అన్నారు.

బీజీ తాళం చెవులు

పంజాబీ ఇండ్లలో పెద్దామెను బీజీ అంటారు. క్రింది వాటాలో ఉండే ఈ బీజీ వయస్సు ఎనభై దాటింది. ఐదేళ్ళ ప్రాయంలో రావల్పిండి నుండి తల్లిదండ్రులతో వచ్చిన మనిషి. నేను వెళ్ళిన రోజునే లస్సీ గ్లాసుతో పలకరించి, తమ్ముడిగా ఎప్పుడు వచ్చాను, ఎన్నాళ్ళుంటాను, వంట ఎవరు చేస్తారు అని విచారించింది. ఆమె గదిలో ఒక చెక్కపలకకు మేకులు కొట్టి ఏడెనిమిది తాళం చెవులు తగిలించి ఉన్నాయి. అన్నీ ఇరుగుపొరుగు వారివే. మా అక్కయ్య వారి చెవికి ఎర్ర దారం కట్టి ఉన్నది.

ఇన్ని ఇండ్ల బాధ్యత ఈ వయస్సులో ఎందుకని అడిగాను. ఆమె చెప్పిన సమాధానాన్ని నాకు అర్థమైనంతలో తెలుగులో చెబుతున్నాను.

"1947లో మేము బయలుదేరినప్పుడు మా నాన్న ఇంటి తాళం చెవిని ఎదురింటి ముసల్మాను పెద్దాయన చేతికి ఇచ్చాడు బేటా. పదిహేను రోజులలో వస్తాము, తులసికి నీళ్ళు పోయండి, పావురాలకు గింజలు వేయండి అని చెప్పాడు. మేము తిరిగి వెళ్ళలేదు. ఆయన నీళ్ళు పోసే ఉంటాడు. నాకా నమ్మకం ఉంది. కాని అడగటానికి ఆయన మళ్ళీ కనిపించలేదు. అందుకని ఎవరు తాళం చెవి ఇచ్చినా నేను కాదనను. తిరిగి వచ్చినవాళ్ళు, బీజీ, అంతా బాగుందా అని అడుగుతారు. బాగుందని చెప్పటం నాకిష్టం."

ఆ మధ్యాహ్నం

మొదటి నాలుగు రోజులు నిరాటంకంగా గడిచాయి. ఉదయం పొట్లం విప్పి ఆహారం వేయటం, డబ్బాలో నీరు చూడటం, ఉష్ణోగ్రత నోట్సులో వ్రాయటం, రాత్రి తొమ్మిది గంటలకు మేనకోడలికి ఫోను చేయటం. "మామయ్యా, ఇద్దరూ ఉన్నారా? లెక్కపెట్టి చెప్పు" అనేది. లెక్కపెట్టవలసినవి రెండే అయినా ప్రతి రాత్రీ తొట్టె ముందు నిలబడి లెక్కపెట్టి చెప్పేవాడిని.

ఐదవ రోజు మధ్యాహ్నం నేను శిక్షణ తరగతిలో ఉన్నాను. నియమం ప్రకారం సెల్‌ఫోను మ్రోగకుండా చేసి సంచిలో పెట్టుకొన్నాను. సుమారు మూడు గంటలకు ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కరెంటు పోయి, పది నిమిషాలకు తిరిగి వచ్చింది. ఎండాకాలంలో ఆ నగరం ఎంత కరెంటు వాడుతుందో చెప్పాలంటే, 2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్తు వాడకం 8,656 మెగావాట్లకు చేరింది. అటువంటి వేళ కరెంటు తిరిగి రాగానే వీధిలోని ఎ.సి.లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మా ఇంటి ఎ.సి., ఫ్రిజ్, తొట్టె పంపులు, అన్నీ ఒకే ఎం.సి.బి. మీద ఉన్నాయి. అన్నీ ఒకేసారి మొదలయ్యేసరికి ఆ బరువుకు ఎం.సి.బి. పడిపోయింది. వీధంతా కరెంటు ఉన్నది. మా గదిలో మాత్రం లేదు.

విశాఖలో బావగారికి ప్రమాద సూచన ఏదీ రాలేదు. రాదు కూడా. కరెంటు లేకపోతే సూచన పంపే పెట్టెకే ప్రాణం లేదు కదా. ఆయన గమనించినది వేరు. ఐదు నిమిషాలకొకసారి రావలసిన అంకె ఇరవై నిమిషాలుగా రాలేదు. నిశ్శబ్దాన్నే ప్రమాద సూచనగా తీసుకోవాలని ఆయన మొదటి తొట్టె నుండి నేర్చుకొన్నారు. నాకు నాలుగుసార్లు ఫోను చేశారు. నేను పలకలేదు. ఐదవసారి బీజీకి చేశారు.

ఆమె మనుమడి భుజం పట్టుకొని మెట్లెక్కి, ఎర్ర దారం కట్టిన చెవితో తలుపు తీసింది. లోపల టార్చి బ్యాటరీల పంపు తుమ్మెదవలె రొద చేస్తున్నది. కాగితంలో మొదటి వాక్యం: "మెట్ల దీపం వెలుగుతున్నదా? వెలుగుతుంటే కరెంటు ఉన్నది, లోపలి మీట పడింది." రెండవది: "ముందు ఎ.సి. ప్లగ్గు తీయండి. పడిన మీటను ఒక్కసారి మాత్రమే పైకి ఎత్తండి. మళ్ళీ పడితే ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి." మూడవది: "పంపులు తిరిగిన తరువాత ఎ.సి. పెట్టండి." నాలుగవది: "నీరు 28 దాటితే పై అరలోని మంచు సీసాలు రెండు క్రింది తొట్టెలో నిలబెట్టండి. మూతలు తీయవద్దు."

మనుమడు చదివాడు, బీజీ చేయించింది. మీట నిలిచింది. పంపులు తిరిగాయి. అప్పటికి నీరు 27.8 డిగ్రీలు. మంచు సీసాలు అవసరం కాలేదు. లీటరు నీరు గడ్డకట్టిన సీసా ఒకటి ఇంత తొట్టెను సుమారు అర డిగ్రీ చల్లారుస్తుంది. గబగబా ఎక్కువ చల్లార్చటం కూడా వేడి అంత ప్రమాదమే కనుక రెండుకు మించి పెట్టవద్దని బావగారి నియమం. మంచుగడ్డలు నేరుగా వేస్తే ఉప్పు పలచబడుతుంది కనుక మూత తీయవద్దన్నారు.

సాయంత్రం నాలుగు తప్పిన పిలుపులు చూసుకొని గుండె జారిపోయి, మెట్లు రెండేసి ఎక్కి వచ్చేసరికి బీజీ తొట్టె ఎదుట కుర్చీ వేసుకొని కూర్చొని ఉన్నది. "రండి కాపలాదారు గారూ! ఇద్దరూ ఉన్నారు, లెక్కపెట్టాను" అన్నది. సిగ్గుతో తల వంచుకొన్నాను. పేరుకు కాపలాదారును నేనే. కాపాడినది ఆమె.

ప్రయాణమయ్యేవారికి

ఆ రాత్రి ఆలోచించగా నాకొక విషయం స్పష్టమైనది. రెండు వందల లీటర్ల నీరు ఒక్క నిమిషంలో వేడెక్కదు. గంట గడిచినా పెరిగేది డిగ్రీలో కొంత భాగమే. అనగా ప్రకృతి మనకు కొన్ని గంటల గడువు ఇస్తున్నది. 2024లోనూ ఆ గడువు ఉన్నది. ఆ గడువులో తలుపు తీసేవారు మాత్రం లేరు. ఫ్యాను, పంపు, ఎ.సి., సెల్‌ఫోను పరికరం, ఇవన్నీ ఆ గడువును పొడిగించటానికి మాత్రమే. అవి మనిషికి బదులు కావు.

కనుక తొట్టె ఉన్నవారు ఎండాకాలంలో ఊరికి వెళ్ళే ముందు ఈ విషయాలు పాటించటం మంచిది. ఎ.సి.కి కరెంటు వచ్చిన తరువాత తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు ఉన్నదో లేదో, మెయిన్ ఆపి చూసి తెలుసుకోవాలి. తొట్టెకు, ఎ.సి.కి వేరు వేరు ఎం.సి.బి.లు ఉండాలి. విశాఖ నుండి తిరిగి రాగానే బావగారు చేయించిన మొదటి పని అదే. రెండవది, పంపుకూ ఫ్యానుకూ ఒక చిన్న ఇన్వర్టరు. ఆ రెండింటికీ కలిపి నలభై, యాభై వాట్లే కనుక ఒక మంచి బ్యాటరీతో రాత్రంతా గడుస్తుంది. ఎ.సి.ని దానిపై పెట్టకూడదు. ప్రయాణానికి ముందు నెల రోజులలో కొత్త చేపను గాని, కొత్త యంత్రాన్ని గాని చేర్చకూడదు. వెళ్ళే ముందు ఒకరోజు మెయిన్ ఆపి, తాళం చెవి ఇచ్చిన వారి చేతనే అంతా ఒకసారి చేయించి చూడాలి. బీజీ ఆనాడు తడబడకపోవటానికి కారణం, బావగారు ముందే రెండుసార్లు ఆమె చేత ఆ పని చేయించి ఉండటమే. కాగితం ఆమె చదివే భాషలో ఉండాలి, మనం వ్రాసే భాషలో కాదు.

తొట్టె లేని వారికి కూడా ఇందులో గ్రహించవలసినది లేకపోలేదు. మన కాలనీ క్వార్టర్లలో వేసవి సెలవులు రాగానే వరుసగా తాళాలు పడతాయి. పూలకుండీలు, చిలుక పంజరాలు, కొన్ని ఇండ్లలో ప్రయాణం చేయలేక మిగిలిపోయిన వృద్ధులు. ప్రక్క క్వార్టరు వారి చేతిలో ఒక చెవి, గోడ మీద ఒక కాగితం ఉంటే చాలు. అడగటానికి మొగమాటపడతాము. అడిగించుకొన్నవారు సంతోషిస్తారనే సంగతి నాకు ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తెలిసింది.

శిక్షణ ముగిసి నేను బయలుదేరే నాటికి అక్కయ్య వాళ్ళు తిరిగి వచ్చారు. మేనకోడలు చెప్పులు విడువకుండానే తొట్టె వద్దకు పరుగెత్తి, లెక్కపెట్టి, తరువాత క్రిందికి పరుగెత్తింది. మెట్ల మీద నుండి దాని గొంతు వినిపించింది. "బీజీ, అంతా బాగుందా?"

"బాగుంది బేటీ, అంతా బాగుంది" అన్నది బీజీ.